వదిన నోటికి మినహాయింపు

నాలుగింటికి డాక్టరుగారు ఆ తలుపు తోసుకుని బయటికొస్తారు, ఎవరి మనిషి సంగతి వాళ్ళకి చెబుతారు, ఆ తర్వాత రేపు నాలుగింటిదాకా ఎవరి కాళ్ళు పట్టుకున్నా ఏమీ తెలియదు అని కింద కౌంటరులో అమ్మాయి చీటీ మీద రాసిచ్చింది. ఇప్పుడు మూడూ పది. ఈ యాభై నిమిషాలూ తలుపు మీంచి చూపు తియ్యకూడదని ఆమె అనుకుంది. మిగతావాళ్ళకేం, కళ్ళు మూసుకుని గోడకి చేరగిలబడినా పిలుపు వినపడగానే లేస్తారు. తనకి ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయిన చెవులు మళ్ళీ రాలేదు. లోపల ఉన్న వదిన పేరు వరండా అదిరేలా పిలిచినా తను ఇలాగే రాయిలా కూర్చుని ఉంటుంది, డాక్టరుగారు ఎవరూ రాలేదనుకుని లోపలికి వెళ్ళిపోతారు. "నువ్వెళ్ళి ఏం చేస్తావే, వాళ్ళు చెప్పేది నీకెలా తెలుస్తుంది" అన్నాడు అన్న పొద్దున, ఫోన్లో. ఫోన్లో అంటే ఒకే ఇంట్లోనే. అన్నకీ ఆ రోగమే, తేలిగ్గా వచ్చింది, గదిలో తలుపేసుకుని ఉన్నాడు. గోడకి అవతల ఒంటరిగా ఉన్నాడు కాబట్టి మాస్కు అక్కర్లేదు, మొహం తెరమీద పూర్తిగా కనపడుతుంది, అందుకని గోడకి ఇటు తనూ అటు వాడూ కూర్చుని వీడియోలో మాట్లాడుకుంటున్నారు వారం రోజులుగా. "మరి ఇంకెవరున్నార్రా వెళ్ళడానికి" అంది తను. వాడు నోరు తెరిచాడు, మూశాడు. ఏమీ అనలేదు. అనలేదన్నది కూడా చూస్తేనే తెలుస్తుంది తనకి.

కుర్చీ వదిలి కుర్చీకి పసుపు పట్టీ అంటించారు కూర్చోకుండా. మూడో కుర్చీలో ఒకాయన, బూట్ల మీద తెల్లరంగు చుక్కలు, గోరు చుట్టూ నీలం, ఇళ్ళకి రంగులేసే మనిషని చూడగానే తెలుస్తోంది. ఇందాక ఆయనకి తను చీటీ చూపించింది: నాకు వినపడదు, పిలిస్తే కాస్త చెయ్యి ఊపండి. ఆయన రెండుసార్లు చదివి, గుండెల మీద చెయ్యి వేసుకుని నేనున్నానన్నట్టు తలాడించాడు. మంచివాడిలాగే ఉన్నాడు. కళ్ళు మాత్రమే కనపడే మనుషుల్లో మంచివాళ్ళెవరో పట్టుకోవడం తనకి ఇంకా చేతకావడం లేదు. ఈ ఏడాదిలో అందరూ నేర్చుకున్నామంటున్నారు, కళ్ళతో నవ్వడం, కళ్ళతో పలకరించడం. కళ్ళు ఎన్ని చెప్పినా మాట చెప్పవు. నవ్వుతున్నాడని తెలుస్తుంది గానీ ఎందుకు నవ్వుతున్నాడో పెదవులు చెప్పాలి. కూరలమ్మే ఆవిడ దగ్గర మొదటిసారి తెలిసింది, ఆవిడ ఏదో అడుగుతోంది, మాస్కు లోపలికీ బయటికీ ఊపిరితో ఆడుతోంది, తను అన్నిటికీ తల ఊపుతోంది, చివరికి సంచి నిండా తనకి అక్కర్లేని కాకరకాయలు. వదిన చూసి పడీ పడీ నవ్వింది. "నీకు చేదు తినిపించడానికి ఇంత పెద్ద జబ్బు రావలసొచ్చింది పిల్లా!"

పెదవులు మాత్రం అన్నీ చెబుతాయా? పదింట్లో మూడో నాలుగో కనపడతాయి, మిగతావి అల్లుకోవాలి. ప, బ, మ మూడూ ఒకటే, పెదవులు కలిసి విడిపోవడమే. పాట అన్నా మాట అన్నా బాట అన్నా ఒకే కదలిక. అక్క అంటే అసలు పెదవులే కదలవు, గొంతులో పుట్టి గొంతులోనే ఉంటుంది ఆ మాట, తనకి అక్కలు లేకపోవడమే మంచిదయింది. చిన్నప్పుడు అమ్మ అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పింది, చేతిని తన గొంతు మీద పెట్టించుకుని. అమ్మ పోయాక అన్న పెదవులు మిగిలాయి. అన్న పెదవులు పిసినారివి, సగం మాట మీసంలోనే ఉండిపోతుంది, తనకోసం మీసం తీసేశాడు ఇరవై రెండేళ్ళప్పుడు, అప్పటినుంచీ పెంచలేదు. ఆ సంగతి గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తర్వాత వదిన వచ్చింది.

వచ్చిన కొత్తలో వదిన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. నవ్వినా చెయ్యే, అడిగినా చెయ్యే. అన్నతో ఏదో అంటుంది, చెయ్యి అడ్డం, అన్న తలాడిస్తాడు, ఇద్దరూ ఒకసారి తన వైపు చూస్తారు. ఇంకేముంది, నా గురించే, ఈ చెవిటిది జీవితాంతం మనతోనేనా అని అడుగుతోంది కాబోలు అనుకుంది తను. ఎనిమిది నెలలు అలాగే అనుకుంది. వదిన వండితే ఉప్పెక్కువైందని మొహం పెట్టింది, వదిన ఉతికితే మళ్ళీ ఉతుక్కుంది. ఒకరోజు అన్నం తింటుండగా వదిన మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో మొదలుపెట్టింది, తను లేచి వెళ్ళి ఆ మణికట్టు పట్టుకుని కిందికి లాగేసింది. ఏం దాస్తున్నావు నా దగ్గర, అని అరిచిందట, ఎంత గట్టిగా అరిచిందో తనకి తెలియదు, పక్కింటివాళ్ళు వచ్చారు కాబట్టి గట్టిగానే అయుండాలి. వదిన కళ్ళమ్మట నీళ్ళు. అప్పుడు చూసింది తను, మొట్టమొదటిసారి తీరిగ్గా, వదిన నోరు. పై వరసలో ముందున్న రెండు పళ్ళూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి పెదవి దాటి ముందుకొచ్చి ఉన్నాయి. బళ్ళో కుందేలు అనేవాళ్ళట. పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ పెదవులు బిగించుకుని కోపంగా ఉన్నట్టుంటుంది అందుకే. దాచింది తననుంచి కాదు, లోకం మొత్తం నుంచి. తనకి సిగ్గేసింది, ఇప్పటికీ, ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూడా వేస్తోంది, ఎందుకంటే పళ్ళు కట్టే పని తనది, ఇంట్లోవాళ్ళ నోరే చూడలేదు ఎనిమిది నెలలు.

పళ్ళు కట్టే ల్యాబ్ లో పదిహేడేళ్ళ నుంచి పని. మైనపు వాసన, సుద్ద పొడి, అలమరలో వరసగా దవడల అచ్చులు, ఒక్కోదాని అడుగున పెన్సిలుతో ఒక నంబరు. మనిషిని ఎప్పుడూ చూడదు, దవడ మాత్రమే చూస్తుంది, కానీ ఈ పళ్ళు కట్టుకుంటే ఏ మాట ఎలా పలుకుతాడో చెప్పగలదు. ముందు పళ్ళు గోరంత లోపలికి పెడితే చాలు, వ పలకదు, వచ్చాను అనబోయి అచ్చాను అంటాడు. ల్యాబ్ యజమాని ముసలాయన అది మొదట నమ్మలేదు, ఒకరోజు తన సొంత పళ్ళసెట్టే ఆమెచేత సరిచేయించుకుని ఆ రోజునుంచీ నమ్మాడు. వదిన చెయ్యి దింపిన ఆ రాత్రే తను అంది, మా డాక్టరుకి చెప్పి పళ్ళకి తీగ కట్టిస్తాను, ఏడాదిన్నరలో వరసకొచ్చేస్తాయి. వదిన సరేనంది, వారం తర్వాత వద్దంది. ఎందుకంటే చెప్పలేదు. చాలాకాలం తర్వాత ఎప్పుడో బట్టలు మడతపెడుతూ చెప్పింది, "ఇప్పుడు మారిస్తే నీకు నా మాట మళ్ళీ మొదట్నించీ నేర్చుకోవాలి కదా. పోనీలే, ఉన్నవాటితోనే కానిద్దాం." అంతే. తను ఒళ్ళో ఉన్న చొక్కా చేతులు మడిచింది. అప్పటినుంచీ వదిన తన ఎదుట ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, తర్వాత తర్వాత ఎవరి ఎదుటా పెట్టుకోలేదు. పైగా ఇద్దరికీ ఒక పాడలవాటు కూడా అయింది, చుట్టాలింట్లో జనం మధ్య ఆ చివర వదిన, ఈ చివర తను, గొంతు లేకుండా పెదవులతో ఊసులు. ఆవిడ వేసుకున్న రంగు చూశావా. ఆయన మూడోసారి వడ్డించుకుంటున్నాడు చూడు. వదిన తనలాగే చూసి చదవడం నేర్చేసుకుంది, చెవులున్నదానికి అదేం ఖర్మో. అన్న మధ్యలో నిలబడి, "మొదలెట్టార్రా ఇద్దరూ, ఇది నా గురించేనా?" అనేవాడు. చాలాసార్లు వాడి గురించే.

మూడూ ముప్పై అయిదు. తలుపు తెరుచుకుంది. డాక్టరు కాదు, చెత్త డబ్బా తోసుకుంటూ ఒకామె. మూసుకుంది.

మాస్కులు తప్పనిసరి అని ఆర్డరు వచ్చిన మర్నాడే వదిన పేపరు ముందేసుకుని కూర్చుంది, ఎర్రపెన్ను పట్టుకుని. వైద్యకారణాల వల్ల మినహాయింపు ఎవరెవరికి అన్నచోట చిన్న అక్షరాల్లో ఒక పట్టిక. పసిపిల్లలు. ఊపిరి తీసుకోవడం కష్టమైనవాళ్ళు. తమంతట తాము మాస్కు తీసుకోలేనివాళ్ళు. అన్నిటికన్నా కింద, ఎవరో ఆఖరి నిమిషంలో గుర్తొచ్చి చేర్చినట్టు, పెదవుల కదలికను బట్టి మాట తెలుసుకునేవారితో మాట్లాడవలసి వచ్చినవాళ్ళు, మాట్లాడుతున్నంతసేపు. వదిన దాని కింద రెండు గీతలు గీసి, కత్తిరించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మెడలో తగిలించుకుంది. "చూశావా, ఇది నీకు కాదు, నాకు. నీ చెవుల పుణ్యమా అని నా నోటికి మినహాయింపు!" అని ఊరంతా ఊరేగింది దాన్ని వేసుకుని. మందుల షాపులో ఒకాయన మీద మీదికొచ్చాడు ఒకరోజు. మాస్కు వెనక ఏమన్నాడో తెలియలేదు గానీ నుదురు, వేలు, మెడ నరాలు చూస్తే చాలు. వదిన మెడలో కాగితం చూపించింది. ఆయన తన వైపు చూపించి ఏదో అన్నాడు, వదిన తిరిగి తనకి చెప్పింది, "వినపడకపోతే రాసి చూపించొచ్చుగా అంటున్నాడు. రెండు చేతుల్లో సంచులున్నాయి నాయనా, కాలితో రాయనా అన్నాను." తను నవ్వింది. అప్పుడు కనపడింది, ఆయన వెనక కుర్చీలో ఒక ముసలామె, వాళ్ళమ్మ అయుంటుంది, ఒళ్ళో ఊపిరి మందు డబ్బా, గుడ్డ కింద ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఆయన కొడుకు, అంతే. తన తల్లికి అడ్డం నిలబడ్డాడు. ఆ సంగతి వదినకి చెప్పలేదు తను, ఇంటికొచ్చాక కూడా. చెబితే మర్నాటినుంచి వదిన మాస్కు దించేది కాదేమో, దించకపోతే తనకి ప్రపంచంలో మాట్లాడే మనిషి లేదు. తన స్వార్థం తనకి బాగానే తెలుసు.

పేపరు ముక్క చెల్లదన్నారు తర్వాత. డాక్టరు ఇచ్చిన కాగితం కావాలి, ముద్ర ఉండాలి. దానికోసం ఇద్దరూ సర్కారు ఆసుపత్రికి వెళ్ళారు, పెద్ద హాలు, కిటికీలు ఎత్తుగా, మూసి ఉన్నాయి, పట్టీలంటించిన కుర్చీల్లో కూడా జనం. ఏ వరసలో నిలబడాలి, ఏ ఫారం, పుట్టిన తేదీ ఎక్కడ, వినికిడి పరీక్ష గది ఎటు, గుమాస్తా ఏమంటున్నాడు, మళ్ళీ ఏమంటున్నాడు. ప్రతిదానికీ వదిన ఇటు తిరిగి, మాస్కు గడ్డం కిందికి లాగి, చెప్పి, పైకి లాక్కుని. ఎన్నిసార్లు లాగిందో తను లెక్కపెట్టలేదు అప్పుడు. ఇప్పుడు పెడుతోంది. రెండున్నర గంటలు. ఇరవైసార్లు, ముప్పైసార్లు, ఆ హాల్లో, ఆ గాలిలో, ఆ పళ్ళు బయటపెట్టి, నవ్వుతూ. వెనక వరసలో ఒకతను ఒంగి ఒంగి దగ్గుతున్నాడు. తను చూసింది. దగ్గు వినపడదు గానీ కనపడుతుంది, వీపు చెబుతుంది. వదినా పోదాం పద అనొచ్చు. అనలేదు. కాగితం చేతికొచ్చింది. ఈమెతో మాట్లాడువారికి ముఖాచ్ఛాదన నియమం నుండి మినహాయింపు ఇవ్వదగును, నాలుగు నెలలు చెల్లును. బయటికొచ్చి వదిన దాన్ని తలమీద పెట్టుకుని రెండడుగులు గెంతింది. నాలుగో రోజు గొంతు నొప్పి, ఆరో రోజు జ్వరం, అన్నకీ దగ్గు, తొమ్మిదో రోజు మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయింది. ఇంట్లో ముగ్గురు, రెండుసార్లు పరీక్ష చేస్తే తన ఒక్కదానికే లేదు. మినహాయింపు ఎవరిది, అంటింది ఎవరికి. అన్న అంటాడు, అంతా వాడి వల్లేనని, వాడు పనిచేసే గోడౌనులో అంతకుముందే ఇద్దరికి వచ్చిందని, వాడికే ముందు దగ్గు మొదలైందని. తను ఊరుకుంటుంది. ఆ కాగితం సంచిలోనే ఉంది, నాలుగు మడతలు పెట్టి, లోపలి జేబులో. డాక్టరుగారు వచ్చినప్పుడు చూపిస్తే మాస్కు దించి చెప్పాల్సిందే. నియమం తన పక్షానే ఉంది. రోజంతా ఆ లోపలి గాలి పీల్చిన మనిషిని, ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తున్నారో ఏమో, నా కోసం మీ మొహం విప్పండి అని అడగాలి. సంచి మీద చెయ్యి వేసుకుని అనుకుంది, చూపించను. ఇంకొకరు వద్దు.

తలుపు తెరుచుకుంది. నిలువెల్లా నీలం గౌను, మాస్కు మీద మాస్కు, ముందు ప్లాస్టిక్ తెర, ఛాతీ మీద స్కెచ్ పెన్నుతో డాక్టర్ అని రాసుకున్న ఒక ఆడమనిషి. ముందుగా రంగులాయన లేచాడు. డాక్టరుగారి వీపు తన వైపు, ఆయన మొహం తన వైపు. డాక్టరుగారు ఎంతసేపు చెప్పిందో, ఆయన కళ్ళు మొదట ఆమె మీద, తర్వాత ఆమె భుజం మీంచి గోడ మీద, తర్వాత తన సొంత బూట్ల మీద. చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు రెండు జేబుల్లోనూ వెతుక్కున్నాడు. తెలిసిపోయింది. మాట అక్కర్లేదు దానికి. ఆయన మెట్ల వైపు నడిచాడు, మొదటి మెట్టు దిగాడు, ఆగాడు. వెనక్కొచ్చాడు. ఆమె కుర్చీ చేతిమీద రెండుసార్లు తట్టి, డాక్టరు వైపు చూపించాడు. పిలుస్తున్నారు. అంతటి సమయంలో వెనక్కొచ్చాడు. ఆమె లేచి నిలబడి ఏదో అనబోయింది, ఏమనాలి, ఆయన అప్పటికే తిరిగి వెళ్ళిపోతున్నాడు, గోడకి చెయ్యి రాసుకుంటూ.

డాక్టరుగారి మాస్కు కదిలింది. తను చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. మాస్కు ఇంకా వేగంగా కదిలింది, అరుస్తున్నట్టుంది, అందరూ మొదట అదే చేస్తారు. తర్వాత ఆ కళ్ళు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకున్నాయి, డాక్టరుగారు ప్లాస్టిక్ తెర పైకెత్తి మాస్కు అంచు మీద వేలు పెట్టింది. కాగితం అడగలేదు, ముద్ర అడగలేదు. ఉత్త దయతోనే.

"వద్దు" అంది ఆమె. ఎంత గట్టిగా అందో, వరండా చివర కూర్చున్న కుర్రది తలెత్తింది. "వద్దండీ. దించకండి. రాయండి."

డాక్టరుగారు ఏదో ఫారం వెనక్కి తిప్పి గోడకి ఆనించి రాసింది. డాక్టర్ల రాత గురించి వదిన ఏమంటుందో గుర్తొచ్చింది, కోడి గీకినట్టు అంటుంది. ఈమె రాత మాత్రం గుండ్రంగా, బడిపిల్ల రాతలా ఉంది. ఆక్సిజన్ ఇచ్చినా సరిపోవడం లేదు. గొంతులో గొట్టం వేసి మిషను పెట్టాలి. అన్ని రోజులూ మత్తులో ఉంచుతాం. ఆలస్యం చేస్తే కష్టం. ఆవిడ ఒప్పుకోవడం లేదు. మా ఆడపడుచుని చూస్తే గానీ అంటున్నారు. మీరేనా?

నేనే, అంది.

గాజుతలుపు దాకా రానిచ్చారు. అవతల రెండో మంచం. లోపలి నర్సు మంచం తలవైపు ఎత్తి ఇటు తిప్పింది. వదిన ఎంత చిన్నగా అయిపోయింది పది రోజుల్లో, జుట్టు ఎవరో పిల్లలకి వేసినట్టు రెండు జడలు వేశారు. మొహం మీద ఆక్సిజన్ మాస్కు, కింద సంచి ఉబ్బుతూ తగ్గుతూ. ఆ మాస్కు ప్లాస్టిక్ ది. తేటగా, గాజులా. లోపల పెదవులు కనపడుతున్నాయి. ఏడాదిగా చూసిన వేల మాస్కుల్లో నోరు కనపడుతున్నది ఇదొక్కటే. ఊపిరి వదలగానే ఆవిరి పట్టేస్తుంది, పీల్చగానే విడిపోతుంది, విడిపోయిన ఆ అర క్షణంలో వదిన మాట పెట్టింది, పద్ధతి తనకి ముందే తెలిసినట్టు.

తిన్నావా?

తల ఊపింది ఆమె. అబద్ధం. ఆవిరి. విడిపోయింది. అన్న? ఆమె తన మాస్కు కిందికి లాగేసింది. మధ్యలో గాజు ఉంది, డాక్టరుగారు రెండడుగులు వెనక్కి జరిగింది, వద్దనలేదు. గొంతు లేకుండా, చుట్టాలింట్లో మాట్లాడినట్టు, పెదవులతో చెప్పింది, బాగున్నాడు, దగ్గుతున్నాడు, తిడుతున్నాడు. వదిన కళ్ళు కొంచెం వెలిగాయి. ఆవిరి. భయం. ఆవిరి. గొంతులో పెడితే. ఆవిరి. మాటుండదు. ఒక్కో మాటకీ భుజాలు రెండూ పైకి లేస్తున్నాయి, నూతిలోంచి చేద లాగుతున్నట్టు. నాలుగు రోజులు నువ్వు మాట్లాడకపోతే ఎవరి కొంపా మునగదు వదినా, అంది ఆమె, అన్నకి చెవులు చల్లబడతాయి. వదిన నవ్వింది. ప్లాస్టిక్ వెనక ఆ రెండు పళ్ళూ కనపడ్డాయి, ఒకదాని మీద ఒకటి. తర్వాత పెదవులు కలిసి విడిపోయి గుండ్రంగా ముందుకొచ్చాయి. పో. ఇంకా ఏదో అక్షరం ఉంది దాని వెనక. ఆవిరి కమ్మేసింది. విడిపోయేసరికి నోరు మామూలుగా తెరుచుకుని ఉంది, గాలికోసం.

పోనీ అందా. పోను అందా. పోనీ అంటే సరే, కానివ్వండి, తను ఎప్పుడూ అనే మాటే. పోను అంటే. పోను అంటే ఆ మత్తులోకి పోనని, లేకపోతే నిన్ను వదిలి పోనని, ధైర్యం చెబుతోందా, మొండికేస్తోందా. నీ అంటే పెదవులు పక్కలకి సాగుతాయి, ను అంటే ముడుచుకుంటాయి, ఎంత చిన్న తేడా, తన బతుకంతా ఆ తేడాల మీదే నడిచింది, అది ఆవిరిలో పోయింది. డాక్టరుగారు ఫారం మీద రాసి ముందుకు చాచింది. ఏమన్నారు? ఒప్పుకున్నారా? పెన్ను చేతిలో పెట్టింది. ఒక్క ముక్క, ఒప్పుకుంది అని. పదింట్లో ఏడు మాటలు అల్లుకునే బతికింది తను ఇన్నేళ్ళూ. కూరలమ్మే ఆవిడ దగ్గర, గుమాస్తా దగ్గర, ల్యాబ్ లో, తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపి. కాకరకాయలైతే వండుకు తినొచ్చు.

"నాకు తెలియలేదు" అంది డాక్టరుతో, పైకి. "ఇంకోసారి అడుగుతాను."

డాక్టరుగారు గోడ గడియారం వైపు చూసింది. తలూపింది.

ఆమె గాజుకి దగ్గరగా జరిగి, ఎప్పుడూ లేనంత నిదానంగా, ఒక్కో అక్షరాన్నీ అచ్చులో పోసినట్టు పెదవుల మీద పెట్టింది. గొట్టం వెయ్యమంటావా? సరేనంటే తల ఊపు. వద్దంటే చెయ్యి ఎత్తు. నువ్వెలా అంటే అలాగే. వదిన ఆమెనే చూస్తూ ఉంది. చాలాసేపు అనిపించింది, సంచి అయిదారుసార్లు ఉబ్బి తగ్గిందంతే. తల ఊపింది. ఒకసారి, కిందికి. ఆ వెంటనే పైపు గుచ్చిన చెయ్యి లేచింది, వద్దంటోందా, మనసు మార్చుకుందా. ఆ చెయ్యి వదిన ముక్కు దాకా వచ్చి, చూపుడువేలు పైకి రెండుసార్లు ఆడింది. పైకి లాక్కో. మాస్కు పెట్టుకో. కనుబొమలు ముడిచి, కోపంగా.

ఆమె మాస్కు పైకి లాక్కుని, సంతకం పెట్టింది. సంతకం కింద చుట్టరికం రాయమని గీత ఉంది. ఆడపడుచు అని రాసింది. లోపల తెర లాగేశారు. మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాక, బస్టాపులో నిలబడి అన్నకి వీడియో చేసింది. మంచం అంచున కూర్చుని ఉన్నాడు వాడు, జుట్టు రేగిపోయి. "ఏమందే?" అన్నాడు. తిన్నావా అంది, నిన్నడిగింది, సరేనంది అని చెప్పింది. మధ్యలో మాట ఒకటి పోయిందని చెప్పలేదు.

ఆ తర్వాత పధ్నాలుగు రోజులూ నాలుగింటికి అదే కుర్చీ. డాక్టరుగారు ముందే రాసుకుని తెచ్చేది కాగితం, కొన్నిరోజులు అలాగే ఉంది అని, ఒకరోజు బాగాలేదు అని మాత్రమే, ఒకరోజు కొంచెం నయం అని. పదిహేనోరోజున గొట్టం తీశారు. ఇంటికొచ్చేసరికి ఇంకో మూడు వారాలు. వదినకి గొంతు లేదు, గాలి తప్ప. "ఏంటీ? కాస్త గట్టిగా చెప్పు" అంటాడు అన్న, చెవి దగ్గర పెట్టి, రోజుకి పదిసార్లు. ఆమె గదిలో ఈ మూలనుంచి చెబుతుంది, నీళ్ళు అడుగుతోందిరా, కిటికీ తియ్యమంటోంది. వాడు వెర్రిమొహం వేసుకుని ఇద్దరివైపూ చూస్తాడు.

ఒక సాయంత్రం అన్న పనికి వెళ్ళినప్పుడు ఆమె మంచం పక్కన కూర్చుని అడిగింది. ఆ రోజు తలుపు దగ్గర చివర్లో ఒక మాటన్నావు, పోనీ అన్నావా, పోను అన్నావా?

వదిన ఆలోచించింది. "ఏ తలుపు?"

గాజుతలుపు. గొట్టం వేసే ముందు. నన్ను చూస్తే గానీ ఒప్పుకోనన్నావుట.

"నువ్వొచ్చావా అసలు?" అంది వదిన. దిండు మీద తల ఇటు తిప్పి, పెదవులు పూర్తిగా విప్పి, ఎప్పటిలా తనకోసం నిదానంగా. మెట్ల మీద కూర్చున్నది గుర్తుందట. ఆ తర్వాత ఏదీ లేదట.

"వచ్చాను" అంది ఆమె.

వదిన అడిగింది. "ఎలా ఉన్నాను?"

ఆమెకి జడలు గుర్తొచ్చాయి, ఉబ్బే సంచి, పైకి లేచే భుజాలు, ఆవిరి.

"నవ్వావు" అంది.

వదిన నమ్మలేదు.